ఇంట్లో జరిగింది

“ఇంట్లో జరిగిందని రాసెయ్. దానికింత ఆలోచనెందుకు?” అన్నాడు నా భర్త బెతో.

నేను రొట్టెల పిండి పిసుకుతున్నాను. చేతులు రెండూ మణికట్టు దాకా పిండిలో ఉన్నాయి. అతను కట్టెల పొయ్యి పక్కన కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ, ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా అన్నాడా మాట. అప్పుడు రాయాల్సింది ప్లాంటులో పనిచేసే గ్లాదిస్ గురించి. కిందటి రోజు మధ్యాహ్నం షిఫ్టులో ఆ పిల్ల బొటనవేలి చివర్న తోలు, సగం గోరుతో సహా, మిషన్ లాక్కుపోయింది. పచ్చి మాంసంలా ఉన్న ఆ వేలికి గుడ్డ చుట్టింది నేనే.

“ఇంట్లో ఏం చేస్తుంటే జరిగిందని రాయను?” అన్నాను.

అతను ఆలోచించేలోపే మా అత్తయ్య ఉబెర్లిందా అందుకుంది. “బంగాళాదుంపలు చెక్కుతుంటే తెగిందని రాయి. కల్బుకోలో దుంపలు చెక్కని కొంప ఏదైనా ఉందా?” అని నవ్వింది. బెతో కూడా నవ్వాడు. నాకూ నవ్వొచ్చిందేమో, ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. పిండి మీద తడిగుడ్డ కప్పి, చేతులు కడుక్కుని, ప్లాంటుకెళ్లి అలాగే రాశాను.

మా ఊరు కల్బుకోలోని సాల్మన్ చేపల ప్లాంటులో బెతో ఉత్పత్తి విభాగానికి పెద్ద. నేను అదే ప్లాంటులో భద్రతాధికారిని. పేరు పెద్దదే. గోడల మీద హెచ్చరిక బొమ్మలు అతికించడం, కొత్తగా చేరినవాళ్లకి చేతి తొడుగులు ఎలా వేసుకోవాలో చెప్పడం, నెలాఖరుకి ఒక లెక్క వేయడం నా పని. దెబ్బ తగిలి ఒక్క రోజైనా పనికి రాలేకపోయినవాళ్లు ఆ నెలలో ఎంతమందో చూడాలి. ఆ సంఖ్యను పది లక్షలతో గుణించి, ప్లాంటులో అందరూ కలిసి పనిచేసిన గంటలతో భాగించాలి. వచ్చిన దాన్ని గాయాల రేటు అంటారు. పది లక్షలు ఎందుకంటే, వందమంది పనిచేసే చోటునీ వేలమంది పనిచేసే చోటునీ ఒకే కొలతతో కొలవడానికి. అంతే. ఇంతకంటే కష్టమైన లెక్కలు ఇంటి ఖర్చులో నేను రోజూ వేస్తాను.

కానీ ఆ లెక్కంటే నాకు ప్రాణంగా ఉండేది. చదువుకోక ముందు నేనూ ఆ ప్లాంటులోనే చేపలు కోసేదాన్ని. మంచు నీళ్లలో నానిన వేళ్లు సాయంత్రానికి నావి కాకుండా పోయేవి. ఇంటికొచ్చి మా అమ్మాయి రాయెన్ తల దువ్వుతుంటే దువ్వెన జారిపోయేది. ఆడపుట్టుక పుట్టాక చేతులు నొప్పి పుట్టకుండా ఉంటాయా అనేవాళ్లు పక్క బల్ల దగ్గర ఆడవాళ్లు. సాయంత్రం క్లాసులో చేరినప్పుడు, ఒకరోజు మా మాస్టారు బోర్డు మీద ఒక అడ్డగీత గీశాడు. పైన గాయాలు, కింద గంటలు. నేను ఆ గీతను చూస్తూ ఉండిపోయాను. మా నొప్పికి ఒక చోటు ఉందని, దాన్ని పెట్టాల్సిన స్థలం గీత పైన ఖాళీగా ఉందని, అక్కడ పెడితే ఎవరో ఒకరు తలెత్తి చూడక తప్పదని అనిపించింది. “పెళ్లయి పిల్ల ఉన్నదానికి బడేమిటి, వంట ఎగ్గొట్టడానికి కాకపోతే” అని అత్తయ్య సణిగితే, బెతోయే సర్దిచెప్పాడు. “చదువుకోనీలే అమ్మా, జీతం పెరుగుతుంది. పొద్దున్నే వండిపెట్టి వెళ్తుందిలే.” ఆ మాటకి అతని మీద ఎంత ప్రేమ పొంగిందో నాకు. పొద్దున్నే వండిపెట్టి వెళ్లాను, రెండేళ్లూ.

ఆ గీత పైన సున్నా పెట్టింది కూడా నేనే. విదేశాల్లో మా చేప కొనేవాళ్లు గాయాల రేటు అడుగుతున్నారని, సున్నా ఉన్నవాళ్లకే పెద్ద కాంట్రాక్టులు ఇస్తారని ఒకరోజు మేనేజరు చెప్పాడు. సున్నా వచ్చిన నెలలో షిఫ్టు మొత్తానికీ బోనస్. ఒక్కరికి దెబ్బ తగిలినా అందరిదీ పోతుంది. ఆ నియమం విన్నప్పుడు భలే తెలివైనదనుకున్నాను. ఒకరినొకరు కనిపెట్టుకుని ఉంటారని నా ఆశ. కనిపెట్టుకునే ఉన్నారు, ఎవరూ నోరు తెరవకుండా.

దెబ్బను లెక్కలోంచి తప్పించడానికి రెండు దారులు. మర్నాడు ఆ మనిషిని ఎలాగోలా పనికి రప్పించడం ఒకటి. రోజు పోకపోతే లెక్కలోకి రాదు. నెల్దా తడి నేల మీద జారి పడి చీలమండ దోసకాయలా వాచినప్పుడు, పొద్దున్నే కంపెనీ వ్యానేసుకుని వాళ్లింటికి వెళ్లింది నేనే. చంక కింద చెయ్యి వేసి ఎక్కించాను, దించాను. నా గదిలో ఒక కుర్చీలో కూర్చోబెట్టి, ఇంకో కుర్చీ మీద కాలు పెట్టించి, కాగితం టోపీలు మడవమని ఇచ్చాను. ఆమె పళ్లు బిగబట్టి మడుస్తుంటే, “కూర్చుని చేసే పనే కదా నెల్దా” అన్నాను. అన్నాక ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. సాయంత్రం పొయ్యిలో కట్టె పెడుతుంటే గుర్తొచ్చింది. నాకు పిత్తాశయం తీసేసి ఇంటికి పంపిన మర్నాడు, కుట్లు పచ్చిగా ఉండగానే, మా అత్తయ్య నా మంచం మీద దుంపల బుట్ట తెచ్చి పెట్టింది. “లేవొద్దులే అమ్మాయ్, కూర్చుని చేసే పనేగా” అంది. బెతో గుమ్మంలో నిలబడి మురిసిపోయాడు. “చూశావా మిర్తా, అమ్మ నిన్ను మంచం దిగనివ్వట్లేదు!” అన్నాడు. ఆ ఇంటి లెక్కలో కూడా నావల్ల ఒక్క రోజూ పోలేదు.

రెండో దారి ఇల్లు. ఇంట్లో తగిలిన దెబ్బకి ప్లాంటుతో సంబంధం ఉండదు. అందుకని మా ప్లాంటు దెబ్బలన్నీ మెల్లమెల్లగా ఇళ్లకి చేరాయి. స్నానాల గదుల్లో జారిపడ్డారు. పిల్లాణ్ని ఎత్తుకుంటే నడుం పట్టేసింది. మోచేతి నరం వాచిందంటే, బట్టలు పిండి పిండి వాచింది. అన్నీ నేను రాసినవే. ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. ఆడవాళ్లకి ఇంట్లో దెబ్బలు తగులుతాయంటే నమ్మనివాళ్లెవరు?

వరసగా సున్నాలు రావడం మొదలుపెట్టాక నాకొక వింత భయం పట్టుకుంది. బట్టలు మార్చుకునే గదిలోకి నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. నవ్వుతూ పలకరించేవాళ్లే, కానీ చేతులు తీసుకెళ్లి జేబుల్లో దాచుకునేవాళ్లు. ఒకరోజు తలనొప్పి మాత్రలకని మందుల షాపుకెళ్తే, షాపాయన దోన్ సెగుందో ఆటపట్టించాడు. “ఏమమ్మా మిర్తా, మీ ప్లాంటులో ఎవరికీ ఏమీ అవదటగా. మరి నేను తెప్పించిన నొప్పుల మందంతా ఎవరు రాసుకుంటున్నారు, చేపలా?” షాపులో ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఆ నవ్వుల మధ్య వీపు మీద చల్లటి చెయ్యి పడినట్టయింది. దెబ్బలు తగ్గలేదు. నా దగ్గరికి రావడం మానేశాయి. ఎక్కడో పోగుపడుతున్నాయి.

వేసవి సీజన్లో చేప ఎక్కువొచ్చింది. రోజూ అదే లైను పక్కగా నడిచే నాకు, ఒకరోజు ఎందుకో తోలు తీసే మిషన్ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. అది పెద్ద మిషనేం కాదు. పళ్లున్న రోలరొకటి చేప ముక్కని లాక్కుంటుంది, దాని కిందున్న బ్లేడు తోలును ఒలిచేస్తుంది. పైన ఒక మూత ఉండాలి. మూత తెరిస్తే మిషన్ దానంతటదే ఆగాలి. మూత లేదు. దాని స్విచ్చిని ఎవరో తీగతో బిగించి కట్టారు, ఎప్పుడూ మూసి ఉన్నట్టే మిషన్ నమ్మేలా. ఆ మిషన్ దగ్గర ఎల్సీరా నిలబడి ఉంది. నాతోపాటు చేరిన మనిషి, నాకంటే పెద్దది. చేతులు ఆగకుండానే నావైపు చూసి, “ఏమ్మా ఆఫీసరమ్మా, దారి తప్పావా?” అంది.

ఆ రాత్రి వంటయ్యాక బెతోతో చెప్పాను. గ్లాదిస్ వేలు, అంతకుముందు ఇంకో ఇద్దరివి, మూడూ ఆ మిషన్ మీదే తెగాయి అన్నాను. మూత పెట్టించమన్నాను.

“మూతుంటే చేప ఇరుక్కుంటోంది. ఇరుక్కున్నప్పుడల్లా లైను ఆపాలి. సీజన్ అయిపోనీ, పెట్టిస్తా.”

“మూడు తెగాయి బెతో.”

అతను పళ్లెంలోంచి తలెత్తాడు. కోపం లేదు మొహంలో, జాలి ఉంది. “ఎక్కడ తెగాయి? నువ్వేం రాశావో చూసుకో. ఒకటి ఇంట్లో, రెండోది ఇంట్లో, మూడోదీ ఇంట్లోనే. ఏం చెయ్యమంటావు, ఊళ్లో ఆడాళ్ల చాకులన్నిటికీ మూతలు పెట్టించమంటావా?”

అత్తయ్య కిసుక్కున నవ్వింది. నేను గిన్నెలు తీసుకుని సింకు దగ్గరికి వెళ్లిపోయాను. నీళ్లు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో తెలియలేదు. అతనన్నదాంట్లో అబద్ధం లేదు, అదే నన్ను కాల్చేసింది. ఆ మిషన్ ప్రమాదకరమని ఇప్పుడు ఎవరికి చెప్పాలన్నా నా దగ్గర ఒక్క రుజువూ లేదు. ఉన్న రుజువులన్నీ నా చేతులతో నేనే ఇళ్లకి పంపేశాను. ఎన్నేళ్లుగానో నేను వేస్తున్న ఆ లెక్క అపాయాన్ని ముందే చూపించాల్సింది. దాన్ని నేను కళ్లకి గంతలు చేసి కట్టాను, నాకూ అందరికీ.

మా రాయెన్‌కి అప్పటికి పంతొమ్మిదేళ్లు. వాల్దివియాలో చదువుకి వెళ్లేలోపు నాలుగు పెసోలు కూడబెట్టుకుంటానని ఆ సీజన్‌కి ప్లాంటులో చేరింది. వాళ్ల నాన్నే పెట్టించాడు. చేరిన కొత్తలో ఇంటికొచ్చి కబుర్లే కబుర్లు. తర్వాత మాట తగ్గింది. చెంచా ఎడమ చేత్తో పట్టుకుంటోందని చూశాను గానీ, అలసటనుకున్నాను. ఒక శనివారం మామూలు కంటే ముందు ఇంటికొచ్చేసరికి వంటింట్లో నానమ్మా మనవరాలూ గుసగుసలాడుకుంటున్నారు. పిల్ల కుడి మణికట్టు ఉబ్బి, ఎర్రగా, మెరుస్తోంది. ముసలావిడ వేడి చేసిన క్యాబేజీ ఆకు చుట్టి పాత మేజోడుతో కట్టు కడుతోంది. నన్ను చూసి ఇద్దరూ ఆ చేతిని బల్ల కిందికి దాచారు.

“ఏమైంది?”

“ఏం లేదు. బెణికింది” అంది అత్తయ్య.

“నేను దాన్ని అడుగుతున్నాను అత్తయ్యా.”

రాయెన్ తలెత్తలేదు. “రోజంతా ఒకటే తిప్పుడు కదమ్మా. అందరికీ అలాగే ఉంటుందట. కొన్నాళ్లకి మొద్దుబారిపోతుందట.”

“నాకెందుకు చెప్పలేదే?”

“చెబితే నీ లెక్క చెడిపోదూ?” అంది. వెటకారం కాదు. నిజంగా నా మేలు కోరే అంది. “ఆఫీసరు కూతురే మొదటి దెబ్బయితే అమ్మ పరువేం కానని నాన్న అన్నాడు. నానమ్మ కూడా చెప్పొద్దంది.”

“నిన్ను ఎక్కడ నిలబెట్టారు?”

“తోలు మిషన్ దగ్గర. ఎల్సీరత్తకి జోడీగా. ఆమె పెడుతుంది, నేను లాగుతాను.”

బట్టల గదిలో నన్ను చూసి జేబుల్లోకి పోయిన చేతులన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. వాటిల్లో నా కూతురి చెయ్యి కూడా ఉంది. నేను కని, కడిగి, గోళ్లు కత్తిరించి పెంచిన చెయ్యి నన్ను చూసి దాక్కుంది.

బెతో వచ్చాక ఆ ఇంట్లో మొదటిసారి నేను గొంతు పెంచాను. అతను వాదించలేదు. పిల్ల చెయ్యి చూసి మొహం పాలిపోయింది పాపం. “సోమవారం నుంచి దాన్ని ప్యాకింగ్‌లోకి మారుస్తా, సరేనా? కూర్చునే పని” అన్నాడు.

“మూత?”

“నీ కూతుర్ని తప్పిస్తున్నానుగా, ఇంకేంటి నీకు? మూత కూడా పెట్టిస్తాలే, ఈ లోడ్ వెళ్లిపోనీ.”

నేను ఊరుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

సోమవారం పొద్దున రాయెన్ ప్యాకింగ్‌కి వెళ్లింది. తోలు మిషన్ దగ్గర జోడీగా ఇంకెవరినీ పెట్టలేదు. మనుషులు చాల్లేదు. ఇద్దరి పనీ ఎల్సీరా ఒక్కతే చేసింది. ఒక చేత్తో పెట్టడం, ఇంకో చేత్తో లాగడం. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక, నేను నా గదిలో కొత్త బొమ్మలకి గమ్ము రాస్తుంటే, ప్లాంటంతా ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోయింది. లైను ఆగితే వచ్చే నిశ్శబ్దం అది. తర్వాత ఒక కేక. పరుగెత్తాను.

చూపుడు వేలు, మధ్య వేలు. రెండూ మొదలంటా పోయాయి. ఎల్సీరా అరవలేదు. నేల మీద కూర్చుని, చేతిని గుండెలకి అదుముకుని, తెల్లటి కోటు ఎర్రబడుతుంటే వింతగా చూస్తోంది. నాకంటే ముందే రాయెన్ అక్కడికి చేరింది. ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చుని తన కోటు విప్పి చేతికి చుడుతోంది. నన్ను చూసి, అందరూ వింటుండగానే, “నన్ను తీసేశారు కదా. ఆమెని వదిలేశారు” అంది.

బెతో నన్ను రెక్క పట్టుకుని నడవాలోకి తీసుకెళ్లాడు. చెమటలు కారుతున్నాయి. గురువారం కొనుగోలుదారులొస్తున్నారని, ఏడాది పొడుగునా సున్నా అని చెప్పి పిలిపించామని, మేనేజరు ఫోన్లో ఉన్నాడని గబగబా చెప్పాడు. “బీమా ఆసుపత్రికి వద్దు, అక్కడికెళ్తే పనిలో తగిలిన దెబ్బని రాసేస్తారు. ఊరి ఆసుపత్రికి నువ్వే తీసుకెళ్లు. కట్టెలు కొడుతుంటే గొడ్డలి తగిలిందని చెప్పు. గొడ్డలి లేని ఇల్లుండదు. ఎల్సీరాకి ఏం కావాలన్నా కంపెనీ చూసుకుంటుందని చెప్పు. నేను మాటిస్తున్నా. మిర్తా, నా ఉద్యోగం నీ నోట్లో ఉంది.”

వ్యాన్లో ఎల్సీరా తల నా భుజం మీద పెట్టుకుంది. వంతెన దాటాం. నేను చెప్పాల్సింది నోట్లో నానుతోంది. చివరికి ఆమే అడిగింది, “గొడ్డలనేనా చెప్పమన్నాడు?” నేను తలూపాను. “మంచిదే. నా చిన్నకూతురు కూడా అక్కడే చేస్తోందిగా. దాని ఉద్యోగం ఉండాలి” అంది.

ఊరి ఆసుపత్రి కిటికీ వెనక ఒక కుర్ర పిల్ల కూర్చుని ఉంది. పేరడిగింది, వయసడిగింది. తర్వాత కీబోర్డు మీద చేతులు పెట్టుకుని, మా ఇద్దరి వైపు చూడకుండానే, “ప్రమాదం ఎక్కడ జరిగిందండీ?” అంది.

ఎల్సీరా నావైపు తిరిగింది. పెదాలు తెల్లబడిపోయాయి.

“చెప్పు మిర్తా” అంది. “మా ఇంట్లో ఏ గదిలో జరిగింది?”

ఎత్తిపొడుపైతే తట్టుకునేదాన్ని. తిట్టినా తట్టుకునేదాన్ని. ఆమె నిజంగానే అడిగింది. నేను ఏ గది చెబితే తనూ ఆ గదే చెబుదామని, మాట తేడా రాకూడదని, అంత నొప్పిలో కూడా జాగ్రత్తగా అడిగింది. ఆ ప్రశ్న విన్నాక నాకు వాళ్లిల్లు కళ్ల ముందు కనబడింది. ఎన్నోసార్లు టీ తాగిన ఇల్లది. పొయ్యి పక్కన పిల్లుండే చోటు, కిటికీలో జెరేనియం మొక్కలు. నేనిప్పుడు ఆ గదుల్లో తిరిగి, ఎక్కడో ఒకచోట ఆమె నెత్తురు పోయాలి. ఇలా ఎంతమంది ఇళ్లల్లో పోశానో.

“ప్లాంటులో” అన్నాను కిటికీలోకి వంగి. “తోలు తీసే మిషన్ మీద. దానికి మూత లేదు. తీయించింది ఎరిబెర్తో మాన్సియా, నా భర్త. మూత లేదని నాకు తెలుసు. నేను అక్కడ భద్రతాధికారిని. ఇదంతా రాయి తల్లీ.”

ఆ పిల్ల మొదటిసారి తలెత్తి మమ్మల్ని చూసింది. ఎల్సీరా కళ్లు మూసుకుంది. “పిచ్చిదానా” అని గొణిగింది. బాగున్న చేత్తో నా వేళ్లు పట్టుకుని, అంబులెన్సులో పక్క నగరం ప్వెర్తో మోంత్‌లో ఉన్న బీమా ఆసుపత్రికి తీసుకెళ్లేదాకా వదల్లేదు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్లు వచ్చి మిషన్‌కి సీలు వేశారు. కొనుగోలుదారులు రాలేదు. బోనస్ పోయింది. మూత తీయమని మేనేజరు అన్న మాటకి సాక్ష్యం లేదు. తీయించింది బెతో అని మాత్రం అందరూ చూశారు. అతన్ని ఇంటికి పంపేశారు. బట్టల గదిలో నన్ను చూసి ఎవరూ చేతులు దాచుకోలేదు. నోళ్లు మాత్రం తెరిచారు. “నీకేం తల్లీ, మొగుడి ఉద్యోగం పోయినా చదువుంది. మా పిల్లలకి ఎవరు పెడతారు?” అంది ఒకామె. నెల్దా నా ముందు నుంచే కుంటుకుంటూ వెళ్లిపోయింది.

బెతో అరవలేదు. అరుస్తాడని రాయెన్‌ని పక్కింటికి పంపాను గానీ, అతను సంచీలో బట్టలు సర్దుకుంటూ చాలా నెమ్మదిగా మాట్లాడాడు.

“ఇంటి మాట వీధిలో పెట్టినదానివి. నీ పక్కన ఇక పడుకోలేను.”

“అది ఇంటి మాట కాదు బెతో. మనమే దాన్ని ఇన్నాళ్లూ ఇంట్లో దాచాం.”

“ఈ తీరంలో ఏ ప్లాంటూ నీకు గేటు తీయదు. నీకే కాదు, నీ కూతురిక్కూడా. చూస్తూ ఉండు.” అతని గొంతులో బెదిరింపుతోపాటు ఏడుపు కూడా ఉంది. వాళ్ల తమ్ముడింటికి వెళ్లిపోయాడు. అమ్మని రమ్మన్నాడు. ఆవిడ, “నా పొయ్యి ఇక్కడుంది” అని కదల్లేదు.

ఉద్యోగానికి రాజీనామా ఇవ్వమని మేనేజరు కబురు పెట్టాడు. ఇవ్వనని కబురు పెట్టాను. తీసేస్తే తీసెయ్యమన్నాను. ఈలోపు ఇన్‌స్పెక్టరమ్మ ఆ ఏడాది గాయాల రేటు మళ్లీ వేసి ఇమ్మంది, నిజం లెక్క. నేను రాసిన ఇళ్లన్నిట్లోంచీ దెబ్బలని వెనక్కి తేవాలి. ఎవరొచ్చి చెబుతారు నాకు? ఒక ఆదివారం మధ్యాహ్నం, వాన కాస్త తెరిపిచ్చాక, పెరటి తలుపు చప్పుడైంది. గ్లాదిస్. కూర్చోకుండానే, “నా వేలు దుంపలు చెక్కుతుంటే తెగలేదు” అంది. తర్వాత ఆదివారం ముగ్గురొచ్చారు. ఆ తర్వాత నెల్దా వచ్చింది, మొహం చిటపటలాడించుకుంటూ. “నీకోసం రాలేదు. నా కాలి కోసం వచ్చాను” అంది. అత్తయ్య ఎవరినీ పలకరించేది కాదు. మాతే ఆకుల టీ కాచి, సొరకాయ బుర్రలో పోసి, ఒకరి చేతిలోంచి ఒకరికి తిప్పేది. పొయ్యి దగ్గర మావైపు వీపు పెట్టి నిలబడేది. ఆవిడకి నామీద పీకలదాకా కోపమని, కొడుకుని కొంపలోంచి తరిమానని మనసులో తిట్టుకుంటోందని అనుకునేదాన్ని.

ఆ రోజు చివరి మనిషి వెళ్లిపోయాక నేను బల్ల దగ్గర కూర్చుని కూడుతున్నాను. మొత్తం పెరుగుతూనే ఉంది. వెనక నుంచి ఆవిడ గొంతు వినబడింది.

“ఆ అడ్డగీత కింద ఏం వేస్తావ్ అమ్మాయ్?”

“పనిచేసిన గంటలు అత్తయ్యా. అందరివీ కలిపి.”

ఆవిడ చేతులు ఏప్రానుకి తుడుచుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. పగలు ఆవిడ కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. ఎడమ చెయ్యి తీసి బల్ల మీద, కాగితాల మధ్య పెట్టింది. చివరి రెండు వేళ్లూ వంకరగా బిగుసుకుపోయి ఉన్నాయి. పడవ తాడులో ఇరుక్కున్నాయని మాకందరికీ చెప్పేది.

“ఇది నిజంగానే ఇంట్లో జరిగింది” అంది. “మీ మావయ్య తలుపేశాడు. నా చెయ్యి అక్కడుందని చూసే వేశాడు. మర్నాడు రొట్టెలు నేనే కాల్చాను.”

పొయ్యిలో కట్టె చిటపటమంది. ఆవిడ ఏడవలేదు. నేను ఆ వేళ్ల మీద చెయ్యి వేయబోయి, ఆవిడకి ఇష్టముంటుందో లేదోనని ఆగిపోయాను. చివరికి నాకు చేతనైన ప్రశ్న ఒక్కటే అడిగాను.

“పని గంటలు ఎన్ననుకోమంటారు అత్తయ్యా?”

ఆవిడ కుడి చేతి వేళ్ల మీద లెక్కపెట్టుకుంది, లెక్క తప్పకూడదన్నట్టు.

“ఏడేళ్లప్పుడు ఎక్కాను డ్యూటీ” అంది. “ఇంకా దిగలేదు.”